అడిగినవాళ్ల మనసు విని వాక్యం చెప్పు

తల్లీ,

యౌవనస్థుల కూడికలో ప్రశ్నలకు జవాబులు చెప్పే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను. "నాకంత బైబిల్ జ్ఞానం ఎక్కడుంది, ఎవరేం అడుగుతారో ఏమో" అని నువ్వు భయపడుతున్నావట. ఆ భయం ఉండనీ. దేవుని మాటను నోట పెట్టుకుని ఇంకొకరి బతుకులోకి అడుగుపెట్టే పని అది. కాస్త భయం ఉన్నవాళ్లే ఆ పని జాగ్రత్తగా చేస్తారు. ఏళ్ల తరబడి సండే స్కూల్లోనూ స్త్రీల సమాజంలోనూ ఇలాంటి ప్రశ్నలు వింటూ వచ్చినదాన్ని. అందుకని నాలుగు మాటలు రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

నీ దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో త్రిత్వం గురించో, ప్రకటన గ్రంథంలోని ముద్రల గురించో అడిగేవి తక్కువ. చాలావరకు ఇంట్లోంచి, ఆఫీసులోంచి, ఆస్పత్రిలోంచి పుట్టుకొస్తాయి. పక్కింటివాళ్లు ప్రసాదం ఇస్తే తినొచ్చా? పెళ్లికి ముహూర్తం చూడమంటున్నారు, ఏం చెప్పాలి? ఇన్నాళ్లు ప్రార్థన చేసినా జబ్బెందుకు తగ్గలేదు? దశమభాగం మొత్తం జీతం మీద ఇవ్వాలా, చేతికి అందినదాని మీదా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో వచనం చెప్పి పంపేయడం తేలికే. ఫోన్‌లో ఒక్క మాట కొడితే పది రిఫరెన్సులు వస్తాయి. అలా చేయకు తల్లీ. జవాబు చెప్పే ముందు రెండు సంగతులు చూడు. అడిగిన మనిషి ఎవరు, ఏ అవసరంలో ఉండి అడుగుతోంది అన్నది మొదటిది. నువ్వు చెప్పబోయే వచనాన్ని ఎవరికి, ఏ పరిస్థితిలో రాశారు అన్నది రెండోది. కొలత తీసుకోకుండా కుట్టిన జాకెట్ ఎవరికీ సరిపోదు, గుడ్డ ఎంత మంచిదైనా.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు, ప్రభువు దగ్గరే నేర్చుకోవచ్చు. యోహాను సువార్త 11వ అధ్యాయం తియ్యి. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. యేసు బేతనియ చేరుకునేసరికి మార్త ఊరి బయటికే ఎదురెళ్లింది. నువ్వు ఇక్కడే ఉండి ఉంటే నా తమ్ముడు పోయేవాడు కాదు కదా అంది. కాసేపటికి మరియ వచ్చి కాళ్ల మీద పడి అదే మాట అంది. 21, 32 వచనాలు పక్కపక్కన పెట్టి చూసుకో, ఇద్దరూ అన్నది ఒకటే. మార్తతో ప్రభువు పునరుత్థానం గురించి మాట్లాడాడు, ఇది నమ్ముతున్నావా అని అడిగాడు. ఆమె ఆలోచించగల స్థితిలో ఉంది, మాటకు మాట చెబుతోంది. మరియతో ఆ బోధ ఏదీ చేయలేదు. ఎక్కడ పెట్టారని అడిగి, కన్నీళ్లు పెట్టుకున్నాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఇద్దరక్కచెల్లెళ్ల మాట ఒకటే అయినా, ఎవరికి అవసరమైన జవాబు వాళ్లకు దొరికింది. ఈ అధ్యాయం నీకు కంఠతా రావాలి.

ఇప్పుడు ప్రసాదం సంగతే తీసుకుందాం. ప్రతి వినాయక చవితికీ ఎవరో ఒకరు అడుగుతారు. పక్కింటావిడ స్టీలు పళ్లెంలో ఉండ్రాళ్లు, పులిహోర పెట్టి, పైన అరిటాకు ముక్క కప్పి గేటు దగ్గరికి తెస్తుంది. "ప్రసాదం తీసుకోండి వదినా" అంటుంది. అప్పుడేం చేయాలి? పౌలు ఇదే ప్రశ్నకు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో జవాబు రాశాడు. క్రీస్తుశకం 55 ప్రాంతంలో ఎఫెసులో ఉండి రాసిన ఉత్తరం అది. కొరింథులో అడుగడుగునా గుళ్లు. అంగట్లో అమ్మే మాంసంలో ఏది గుడిలో బలిచ్చినదో, ఏది కాదో చెప్పలేని ఊరు. 8వ అధ్యాయం నుంచి 10వ అధ్యాయం చివరిదాకా ఒక్క బిగిన చదివితే, ఆయన ఒక్క ముక్కలో తేల్చలేదని తెలుస్తుంది. దేవుడు ఒక్కడే గనక విగ్రహం మనల్ని ఏమీ చేయలేదని ముందు ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం లేని తోటి విశ్వాసి నిన్ను చూసి తడబడేట్టయితే నీ స్వేచ్ఛ పక్కన పెట్టమన్నాడు. గుడి పూజలో భాగం పంచుకోవద్దని గట్టిగా చెప్పాడు. అంగట్లో కొన్నదీ, భోజనానికి పిలిచినవాళ్లు వడ్డించిందీ గుచ్చిగుచ్చి అడక్కుండా తినమన్నాడు. ఇది దేవుడికి పెట్టినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు.

ఇదంతా తెలిశాక అడిగినవాళ్ల మొహం చూడు. కొత్తగా నమ్ముకున్న ఒక తల్లి వణికిపోతూ వస్తుంది. బడిలో స్నేహితుడు ఇస్తే పిల్లాడు ప్రసాదం తినేశాడు, శాపం తగులుతుందేమోనని ఆమె బెంగ. ఆమెకు 8వ అధ్యాయంలోని ధైర్యం కావాలి. పిల్లాడికి ఏమీ కాదని చెప్పు, పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యి. ఆ రాత్రి ఆమె నిద్రపోవాలి. ఇంకో కుర్రాడు వస్తాడు. ఇచ్చినావిడ చూస్తుండగానే ప్రసాదం చెత్తబుట్టలో పడేశానని, అదే సాక్ష్యమని గొప్పగా చెబుతాడు. వాడికి అదే పత్రికలో 10వ అధ్యాయం 32వ వచనం చూపించు. యూదులకు గానీ, గ్రీసువాళ్లకు గానీ, సంఘానికి గానీ అడ్డం కావద్దని పౌలు చెప్పిన చోటు అది. వద్దనుకుంటే "మా ఇంట్లో పూజలో పెట్టినది తినం వదినా, ఏమీ అనుకోకండి" అని నవ్వుతూ చెప్పి, ఆవిణ్ణి లోపలికి పిలిచి కాఫీ ఇవ్వొచ్చు. మూడో మనిషి ఒక కోడలు. భర్తా అత్తగారూ నమ్మినవాళ్లు కారు. ఆమె ప్రశ్నలో తిండి కంటే కాపురం పెద్దది. ఆమెతో కలిసి 1 కొరింథీయులకు 7వ అధ్యాయం, 1 పేతురు 3వ అధ్యాయం చదువు. నమ్మని భర్త కలిసి ఉండటానికి ఇష్టపడితే అతన్ని విడిచిపెట్టొద్దని ఒకచోట, మాటలతో కంటే నడవడితో గెలుచుకోవచ్చని ఒకచోట ఉంది. ఇంట్లో ఎక్కడ సర్దుకోవాలో, ఎక్కడ ఆగాలో ఆమె దేవుని ముందు మోకరించి తేల్చుకోవాలి. కూడికలో అందరి ముందూ నువ్వు తీర్పు చెప్పేది కాదది.

బంధువుల ఇళ్లలో కర్మకాండలకు వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకు 2 రాజులు 5వ అధ్యాయం చదివి వినిపించు. నయమాను సిరియా సేనాధిపతి. కుష్ఠు పోయి యెహోవాను నమ్ముకున్నాడు. వెళ్లేముందు ఎలీషాతో తన ఇబ్బంది చెప్పుకున్నాడు. రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తన చేతిని ఆనుకుంటాడని, అప్పుడు తనూ వంగాల్సి వస్తుందని, ఆ ఒక్క విషయంలో క్షమించమని అడిగాడు. ఎలీషా కోప్పడలేదు, సమాధానంగా వెళ్లమన్నాడు. ఇంతకు మించి ఆ అధ్యాయం వివరించదు, మనమూ దాన్ని సాగదీసి అన్నిటికీ అనుమతిపత్రం చేయకూడదు. కానీ కన్నతండ్రి పెద్దకర్మ రోజు బావగారి పక్కన నిలబడాల్సి వచ్చి, రాత్రంతా కుమిలిపోయిన ఒక కొత్త విశ్వాసి నీ ముందు కూర్చుంటే, ఎలీషా ఎంత మెత్తగా మాట్లాడాడో గుర్తుపెట్టుకో.

వచనం ఎవరికి రాశారో చూడమన్నాను కదా, దానికి వాగ్దానం కార్డుల కంటే మంచి ఉదాహరణ లేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరం గంట కొట్టాక పళ్లెంలోంచి కార్డు తీసుకుంటాం. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతున్న పిల్లకు యిర్మీయా 29:11 వస్తుంది. దేవుడు మేలు ఉద్దేశించాడని, ముందు రోజులకు నిరీక్షణ ఇస్తాడని ఉన్న వచనం అది. ఈ ఏడు ఉద్యోగం ఖాయమని ఆ పిల్ల అనుకుంటుంది. ఫలితాలొచ్చి పేరు లేకపోతే నీ దగ్గరికొచ్చి, దేవుడు మాటిచ్చి తప్పాడా అక్కా అని అడుగుతుంది. ఆ పిల్లతో కలిసి 28, 29 అధ్యాయాలు రెండూ చదువు. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునూ పెద్దలనూ పనివాళ్లనూ బబులోనుకు పట్టుకుపోయాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త తీపి కబురు చెప్పాడు. అది దేవుడి మాట కాదని యిర్మీయా తేల్చిచెప్పాడు, హనన్యా ఆ ఏడే చనిపోయాడు. ఆ తర్వాతి అధ్యాయంలో యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని అందులో ఉంది. తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని 10వ వచనంలో చెప్పాకే 11వ వచనం వస్తుంది.

ఇది విన్నాక ఆ పిల్లకు దిగులు పెరుగుతుందేమోనని భయపడకు. నేను చూసినంతవరకు మనసు కుదుటపడుతుంది. ఆలస్యమైనవాళ్లకు, అనుకున్నది జరగనివాళ్లకు, పరాయి ఊళ్లో హాస్టల్ గదిలో కూర్చున్నవాళ్లకు దేవుడు రాయించిన ఉత్తరమని తెలుస్తుంది. ఇప్పుడున్న చోటే బతుకు కట్టుకోమని, ఆశ వదలొద్దని ఆయన చెబుతున్నాడు. కార్డు మీది ఒక్క వాక్యం ఇవ్వలేని బలం ఆ ఉత్తరం మొత్తం ఇస్తుంది. ఫిలిప్పీయులకు 4:13 కూడా ఇంతే. పరీక్షలకు వెళ్లే పిల్లలు ప్యాడ్ మీద రాసుకుంటారు. పైనున్న రెండు వచనాలు చదివితే, పౌలు బంధకాల్లో ఉండి, ఆకలైనా కడుపునిండినా సరిపెట్టుకోవడం నేర్చుకున్నానని చెబుతున్నాడు. మార్కులు తగ్గిన రోజున కూడా ఆ వచనం పిల్లాడికి తోడుండాలంటే, వాడికి అది తెలిసి ఉండాలి.

వచనాన్ని దాని చోటు నుంచి తుంచి తీసుకుంటే ఎంత ప్రమాదమో అరణ్యంలోని శోధన చూపిస్తుంది. దేవాలయ శిఖరం మీంచి దూకమన్నప్పుడు సాతాను వాడినది 91వ కీర్తనే. యేసు ఆ కీర్తన తప్పని అనలేదు. దాని పక్కన ద్వితీయోపదేశకాండములోని ఇంకో మాట పెట్టి, దేవుణ్ణి పరీక్షకు పెట్టకూడదని చెప్పాడు. ఒక వచనం వినగానే దాని పక్కన ఇంకెక్కడ ఏముందో వెతికే అలవాటు చేసుకో.

ఇక జబ్బుల గురించి. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలమ్మా. ఫిట్స్ వచ్చే బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక తల్లి నన్ను అడిగింది, "నేను ఇంట్లోవాళ్లకు ఇష్టం లేని పెళ్లి చేసుకున్నందుకేనా అక్కా వీడికిలా?" అని. అడుగుతూ బిడ్డ నోటి దగ్గర చొంగ కొంగుతో తుడుస్తూనే ఉంది. ఎవరో ఆమె చెవిలో ఆ మాట వేసి ఉంటారు. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదని ప్రభువే చెప్పాడు. లూకా 13వ అధ్యాయంలో సిలోయము దగ్గర గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు ఊళ్లో అందరికంటే పాపులు కారని అక్కడా చెప్పాడు. ఈ రెండూ ఆ తల్లికి నెమ్మదిగా చదివి వినిపించాను. ఎవరైనా నీ దగ్గర అలా ఏడిస్తే ముందు ఆ నింద తీసెయ్యి, మిగతా బోధ తర్వాత.

మందులు మానేస్తేనే విశ్వాసమా అని అడిగేవాళ్లకు మాత్రం మొహమాటం లేకుండా చెప్పు, మానొద్దని. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మందులు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. హిజ్కియా రాజుకు ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాడు. ఇచ్చాక కూడా, అంజూరపు పళ్ల ముద్ద పుండు మీద కట్టమని యెషయా చెప్పాడు. ఎందరినో బాగుచేసిన పౌలు, తిమోతి కడుపునొప్పికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి రావాల్సి వచ్చింది. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, కృప చాలన్న జవాబు వచ్చింది. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువని అందాం? యాకోబు పత్రిక చెప్పినట్టు సంఘ పెద్దల్ని పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించు, మాత్ర వేళకు మాత్ర వేయించు. రెండూ దేవుడి చేతిలోవే.

చావింట్లో ఆదరణ కూడికకు వెళ్లినప్పుడు నోరు తొందరపడకూడదు. అన్నీ సమకూడి మేలు కోసమేనన్న రోమా 8:28 సత్యమే. అయితే నిన్న బిడ్డను సమాధి చేసి వచ్చిన తల్లి చెవిలో అది ముందుగా పడాల్సిన మాట కాదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. ఆ తర్వాత మాట్లాడినదాని మీద దేవుడు కోప్పడ్డాడు. అదే రోమా పత్రిక 12వ అధ్యాయంలో ఏడ్చేవాళ్లతో ఏడవమని ఉంది, అది ముందు పాటించు. నెల్లాళ్ల తర్వాత ఆమే అడుగుతుంది, అప్పుడు 8వ అధ్యాయం మొదటి నుంచి చదువుకోండి. ఆమెకు దేవుడి మీద కోపం ఉంటే 88వ కీర్తన చూపించు. మొరతో మొదలై చీకట్లోనే ముగిసే ప్రార్థన అది. దానికీ బైబిల్‌లో చోటుందని తెలియడమే ఆమెకు ఊరట.

పిల్లలు మనల్నే నిలదీసే ప్రశ్న ఇంకొకటి ఉంది. "ప్రభువులో అందరం ఒకటే అంటారు, మరి సంబంధాలు చూసేటప్పుడు కులమెందుకు అడుగుతారు?" అంటారు. దాటేయకు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మనుషులుగా చూడని ఊళ్ల మధ్య నుంచి, దేవుడి ఎదుట అందరూ సమానమన్న కబురు విని వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల మునిమనవళ్లకు మనం వేరే మాట ఎలా చెబుతాం? గలతీయులకు 2వ అధ్యాయం చదివించు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే ముఖాముఖి తప్పని చెప్పాడు. అపొస్తలుడి తప్పునే దాచని పుస్తకాన్ని పట్టుకుని మనం సంఘం తప్పును కప్పిపెట్టకూడదు. "అది తప్పే, వాక్యానికి విరుద్ధమే, మీ తరంలోనైనా మారాలి" అని నోరారా చెప్పు. నువ్వు మన తప్పు ఒప్పుకున్న రోజున పిల్లలు మిగతా జవాబులు కూడా నమ్ముతారు.

కొన్నింటికి జవాబు ఉండదు. ఎక్కడో యుద్ధం మొదలవగానే రాకడ ఏ ఏడాదని అడుగుతారు. ఆ దినం, ఆ గడియ తండ్రికే తెలుసని ప్రభువే అన్నప్పుడు మనం లెక్కలు వేయకూడదు. పసిబిడ్డ ఎందుకు పోయిందని అడిగితే నాకు తెలియదని చెప్పు. రహస్యాలు దేవుడివి, మనకు తెలియజేసినవి మనవి అన్న అర్థం వచ్చే మాట ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయం చివర ఉంది. తెలియనిది తెలియదన్నందుకు నీ గౌరవం ఎక్కడికీ పోదు. వెతికి చెబుతానన్నది మాత్రం మరిచిపోకుండా మరుసటి వారానికి వెతికి చెప్పు.

ఇదంతా అలవడాలంటే బైబిల్‌ను పుస్తకాలు పుస్తకాలుగా చదవాలి. మీ కూడికలో నెలకొకసారి ఒక చిన్న పత్రికను మొదటి నుంచి చివరిదాకా పైకి చదివించు. ఫిలిప్పీయులకు రాసినది నాలుగే అధ్యాయాలు, అరగంట పట్టదు. మార్కు సువార్త రెండు విడతల్లో అయిపోతుంది. మొదట్లో పిల్లలు ఆవలిస్తారు, వదిలిపెట్టకు. మూడు నెలలకు వాళ్లే "ఈ వచనం పైనేముంది అక్కా" అని అడగడం మొదలుపెడతారు.

నీ జవాబు బాగుందో లేదో అప్పుడే తెలుస్తుంది. బెరయ ఊరివాళ్లు పౌలు అంతటివాడు చెప్పిన సంగతి కూడా నిజమేనా అని రోజూ లేఖనాలు తీసి చూసుకున్నారు, లూకా అందుకు వాళ్లను మెచ్చుకుని రాశాడు. యూట్యూబ్‌లో ఎవరో అయ్యగారు చెప్పినదైనా, నువ్వు చెప్పినదైనా, నేనిప్పుడు రాసినదైనా మీ పిల్లలు అలాగే తీసి చూసుకోవాలి. వాళ్లకు నీ మాటతో పని తగ్గుతూ, తమ చేతిలోని బైబిల్‌తో పని పెరుగుతూ ఉంటే, నీకు అప్పగించిన పని నువ్వు బాగా చేస్తున్నట్టే. ఈ రిఫరెన్సులన్నీ ఒక్కసారి నువ్వూ తీసి చూడు. నేను చెప్పినదానితో ఎక్కడైనా ఒప్పుకోలేకపోతే ఫోన్ చెయ్యి, కలిసి చదువుదాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ